ఆదివారం ఎంతమంది వచ్చారు? చిన్న ఆంగ్లికన్ చీలిక సంఘాల లెక్కల గురించి

(సంఘ చరిత్ర మీద జరిగిన సాయంకాల ప్రసంగానికి రికార్డింగ్ నుంచి రాసిన పాఠం. రాలేకపోయినవారి కోసం.)

అందరికీ వందనాలు. పెద్దలు, సంఘ కార్యదర్శులు, వేదాంత విద్యార్థులు చాలామంది వచ్చారు. సంతోషం.

నాకిచ్చిన అంశం చీలిక సంఘాల చరిత్ర. చరిత్ర చెప్తాను, కానీ అందులో ఒక్క ప్రశ్ననే పట్టుకుంటాను. ఎంతమంది? ఒక సంఘం పెద్ద సంఘంలోంచి విడిపోయింది. మేం ఇంతమందిమి అంటుంది. ఆ మాట నిజమని ఎవరు చెప్పాలి? ఏ కాగితం చూసి చెప్పాలి? ఇదే నా ప్రశ్న. చిన్న ప్రశ్నే అనిపిస్తుంది. కానీ చరిత్ర రాసేవాళ్ళం దీని దగ్గరే ఆగిపోతున్నాం.

ముందు కథ. ఎక్కువమందికి తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లాండు చర్చి సంప్రదాయంలో ఉన్నవాళ్ళని ఆంగ్లికన్లు అంటారు. అమెరికాలో వాళ్ళ శాఖ అయిన ఎపిస్కోపల్ చర్చి 1976 సెప్టెంబరులో మినియాపోలిస్‌లో మహాసభ జరిపింది. స్త్రీలకు గురు (ప్రీస్టు) అభిషేకం ఇవ్వొచ్చని ఒప్పుకుంది. కొత్త ప్రార్థన పుస్తకానికీ మొదటి ఆమోదం ఇచ్చింది. ఇది ఇష్టం లేనివాళ్ళు 1977 సెప్టెంబరులో సెయింట్ లూయిస్ నగరంలో కూడారు. రెండు వేలకు చేరువగా వచ్చారు. అక్కడ ఒక విశ్వాస ప్రకటన చేశారు. దానికి సెయింట్ లూయిస్ ప్రకటన అని పేరు. మేం విడిపోవడం లేదు, మేమే కొనసాగుతున్నాం, దారి తప్పింది పెద్ద సంఘం అని వాళ్ళ వాదన. అందుకే వాళ్ళని కంటిన్యూయింగ్ ఆంగ్లికన్లు అంటారు.

1978 జనవరి 28. డెన్వర్ నగరం. ఒక లూథరన్ చర్చిని అడిగి తీసుకుని అందులో బిషప్పుల అభిషేకం జరిపారు. ముందు చార్లెస్ డోరెన్ గారికి. అభిషేకించినవారు స్ప్రింగ్‌ఫీల్డ్ విశ్రాంత బిషప్పు ఆల్బర్ట్ చాంబర్స్ గారు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పగ్టఖాన్ గారు. ముగ్గురు బిషప్పులు ఉండాలి కదా? ప్రాచీన సంఘ మహాసభ అయిన నైసియా సభ నాటి నియమం అది. మూడో ఆయన కొరియాలో ఉన్నారు, రాలేదు, సమ్మతి తెలుపుతూ ఉత్తరం పంపారు. ఆ ఉత్తరం చాలుతుందా, ఇద్దరితో అయిన అభిషేకం చెల్లుతుందా అని ఎన్నేళ్ళు వాదించుకున్నారో! నేటికీ వాదిస్తారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. బిషప్పు విషయంలో ఎంత జాగ్రత్త ఉందో చూశారా? ఎవరు చేతులుంచారు, ఆ చేతులుంచినవారి మీద ఎవరు చేతులుంచారు, ఏ తేదీ, ఏ ఊరు, సాక్షులెవరు, అన్నీ రాసి పెట్టుకున్నారు. బిషప్పుల వంశావళి వెనక్కి నాలుగైదు వందల ఏళ్ళు చెప్పగలరు. మరి సంఘస్థుల జాబితా? ఆ బిషప్పుల కింద ఆ ఆదివారం ఎంతమంది ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం) పుచ్చుకున్నారో ఆ శ్రద్ధతో ఎవరు రాశారు? నన్ను బాధపెట్టేది ఇదే. కాపరి లెక్క పక్కాగా ఉంది. మంద లెక్క లేదు.

సరే, తర్వాతేమైంది? ఆ ఏడాదే డల్లాస్‌లో సంఘ రాజ్యాంగం రాసుకున్నారు. అన్ని డయాసిస్‌లూ, అంటే ఒక్కో బిషప్పు కిందుండే ప్రాంతాలూ, ఒప్పుకోలేదు. మూడు నాలుగేళ్ళు తిరిగేసరికి ఆంగ్లికన్ క్యాథలిక్ చర్చి ఒకటి, క్రైస్ట్ ద కింగ్ ప్రావిన్సు ఒకటి, డోరెన్ గారే 1981లో మొదలుపెట్టిన యునైటెడ్ ఎపిస్కోపల్ చర్చి ఒకటి, ఇలా అయ్యాయి. 1991లో ఒక విలీనం జరిగింది. ఆంగ్లికన్ క్యాథలిక్ చర్చిలో ఒక భాగం, అంతకుముందే ఉన్న అమెరికన్ ఎపిస్కోపల్ చర్చి కలిసి ఆంగ్లికన్ చర్చి ఇన్ అమెరికా అయ్యాయి. కలవడానికి రానివాళ్ళు పాత పేరుతోనే ఉండిపోయారు.

ఇప్పుడు లెక్క సంగతి చూడండి. ఒక సంఘం రెండుగా చీలింది. రిజిస్టరు ఎవరి దగ్గర ఉంటుంది? ఒకరి దగ్గరే ఉంటుంది. రెండో వాళ్ళు గుర్తున్న పేర్లు రాసుకుంటారు. రిజిస్టరు ఉన్నవాళ్ళు వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కొట్టేస్తారా? వెంటనే కొట్టరు. వాళ్ళు తిరిగి వస్తారనే ఆశ ఉంటుంది. తప్పు పట్టను, ఆ ఆశ మంచిదే. కానీ ఒకే మనిషి రెండు జాబితాల్లో ఉన్నాడు. మూడో చీలిక వస్తే మూడు జాబితాల్లో ఉంటాడు. ఆ మనిషి ఈలోగా విసిగిపోయి రోమన్ క్యాథలిక్ చర్చికో, ఆర్థడాక్స్ చర్చికో వెళ్ళిపోయి ఉండొచ్చు, ఇంట్లోనే కూర్చుని ఉండొచ్చు. పేరు మాత్రం మూడు చోట్ల ఉంది.

అసలు సభ్యుడంటే ఎవరు? మీరు చెప్పండి. బాప్తిస్మం పొందినవాడా? కన్ఫర్మేషన్, అంటే బిషప్పు చేత విశ్వాస స్థిరీకరణ, అయినవాడా? చందా కట్టినవాడా? ఈస్టర్‌కి వచ్చినవాడా? ఇంగ్లాండులో 1662 ప్రార్థన పుస్తకం ఏమంటుంది? ప్రతి పారిష్ సభ్యుడూ, అంటే స్థానిక సంఘ సభ్యుడూ, ఏడాదికి కనీసం మూడుసార్లు సంస్కారం పుచ్చుకోవాలి, అందులో ఒకటి ఈస్టర్ కావాలి అంటుంది. అది ఒక కొలత. బాప్తిస్మం ఇంకో కొలత. ఆదివారం హాజరు మరో కొలత. ఒక్కో కొలతతో ఒక్కో సంఖ్య వస్తుంది, ఎంతో తేడాతో వస్తుంది.

పెద్ద సంఘాన్నే తీసుకుందాం. 2023లో ఎపిస్కోపల్ చర్చి లెక్కలో సభ్యులు 15 లక్షల పైచిలుకు. అదే ఏడాది ఆదివారం సగటు హాజరు సుమారు 4 లక్షలు. రెండూ వాళ్ళు ప్రకటించినవే, రెండూ నిజమే. ప్రతి పారిష్ ఏటా నివేదిక పంపాలని వాళ్ళ చట్టంలోనే ఉంది, అందుకే ఈ తేడా మనకి కనబడుతోంది. పెళ్ళికి పంచిన శుభలేఖల లెక్క వేరు, లేచిన విస్తళ్ళ లెక్క వేరు. రెండూ చెప్పినవాడిని నమ్మవచ్చు. ఒక్క శుభలేఖల లెక్కే చెప్పి ఊరుకునేవాడిని ఇంకో ప్రశ్న అడగాలి.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. ప్రతి పారిష్‌లో ఎలక్టోరల్ రోల్ అనే జాబితా ఉంటుంది, మన పాస్టరేట్ ఓటర్ల జాబితా లాంటిది. ఆరేళ్ళకోసారి ఆ జాబితా మొత్తం చెరిపేసి మళ్ళీ కొత్తగా రాస్తారు. 2013లో రాశారు, 2019లో రాశారు, 2025లో రాశారు. ఉండాలనుకున్నవాళ్ళు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. అలా రాసిన ఏడాది ఏమవుతుంది? సంఖ్య పడిపోతుంది. ఆ ఏడాది జనం ఒక్కసారిగా వెళ్ళిపోయారా? లేదు. ఆరేళ్ళలో చనిపోయినవాళ్ళు, ఊరు మారినవాళ్ళు, మానేసినవాళ్ళు ఒకేసారి బయటపడతారు. అంత వ్యవస్థ ఉన్న సంఘంలోనే ఆరేళ్ళకి అంత తరుగు ఉంటే, నలభై ఏళ్ళుగా ఒక్కసారీ జాబితా తిరగరాయని చిన్న సంఘంలో ఎంత తరుగు ఉంటుంది?

సరే, సంఘం చెప్పకపోతే ప్రభుత్వం చెప్తుందా అని మీరడగవచ్చు. దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో ఒకప్పుడు ప్రభుత్వమే సంఘాల జనగణన చేసేది. 1906, 1916, 1926, 1936. పదేళ్ళకోసారి. 1936ది ఆఖరి ప్రచురణ. 1976లో వచ్చిన చట్టం ప్రకారం జనగణనలో మతం గురించి జవాబు చెప్పి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఏ ఏడాది అన్నాను? 1976. మినియాపోలిస్ సభ జరిగిన ఏడాదే. అంటే ఈ చీలిక పుట్టిననాటి నుంచీ వాళ్ళని లెక్కపెట్టే ప్రభుత్వ లెక్క అక్కడ లేనే లేదు. ఆదాయపు పన్ను వాళ్ళకి సేవాసంస్థలన్నీ ఏటా ఒక పత్రం ఇవ్వాలి, చర్చిలకి మినహాయింపు. కాబట్టి డబ్బు దారిలో వెళ్ళి చూద్దామన్నా కుదరదు.

కెనడాలో అలా కాదు. అక్కడ రిజిస్టరైన ధర్మసంస్థలన్నీ, చర్చిలు కూడా, ఏటా లెక్కలు దాఖలు చేయాలి. ఎవరైనా చూడవచ్చు. ఒక పారిష్‌కి ఏడాదిలో ఎంత కానుక వచ్చిందో తెలిస్తే మనుషుల సంఖ్య తెలియదు గానీ, వందలా వేలా అనేది తెలుస్తుంది. ఒకే ఉద్యమం, ఒకే ప్రార్థన పుస్తకం, సరిహద్దుకి ఇటు కనబడుతుంది, అటు కనబడదు. ఇంగ్లాండు, వేల్స్ జనగణనలో క్రైస్తవులు అనే ఒకే గడి, శాఖలు విడివిడిగా లేవు. ఆస్ట్రేలియాలో శాఖ పేరు రాస్తారు.

ప్రభుత్వం కాకపోతే వార్షిక గ్రంథాలు ఉన్నాయి కదా? అమెరికా, కెనడా సంఘాల వార్షిక గ్రంథం ఒకటి చాలా ఏళ్ళు వచ్చింది. దాంట్లో సంఖ్యలు ఎక్కడివి? సంఘాలు పంపినవే. చిన్న సంఘం ఒక ఏడాది పంపుతుంది, తర్వాత పంపదు. పాత సంఖ్యే మళ్ళీ అచ్చవుతుంది. దాన్ని చూసి ఒకరు పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం చూసి ఇంకొకరు రాస్తారు. విద్యార్థులు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. మూడు పుస్తకాల్లో ఒకే సంఖ్య ఉందంటే మూడు సాక్ష్యాలు కాదు. ఒకటే ఉత్తరం, ఒకరే రాసినది, తేదీ లేనిది కూడా కావచ్చు.

ఇప్పుడు ముఖ్యమైన ఉదాహరణకి వస్తాను. నిదానంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది తొందరపడి చెప్తారు.

ట్రెడిషనల్ ఆంగ్లికన్ కమ్యూనియన్. 1990ల మొదట్లో ఏర్పడింది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఇంగ్లాండు, ఆఫ్రికా దేశాలు, ఇండియా, అన్నిచోట్లా ఉన్న చిన్న సంఘాల కూటమి. మొదటి అధినేత అమెరికన్ బిషప్పు లూయిస్ ఫాక్ గారు. 2002 నుంచి ఆస్ట్రేలియా ఆర్చిబిషప్పు జాన్ హెప్‌వర్త్ గారు. 2007 అక్టోబరులో ఈ కూటమి బిషప్పులు ఇంగ్లాండులో పోర్ట్స్‌మత్‌లో కూడి, రోముతో, అంటే రోమన్ క్యాథలిక్ చర్చితో, పూర్తిగా ఐక్యం కావాలని కోరుతూ ఒక ఉత్తరం మీద సంతకాలు చేశారు. అప్పటి నుంచి ప్రపంచ పత్రికలన్నింటిలో ఒక సంఖ్య వచ్చింది. 4 లక్షలు. నాలుగు లక్షలమంది ఆంగ్లికన్లు రోముకి వస్తున్నారు! ఎక్కడ చూసినా అదే.

2009 నవంబరులో పోపు బెనెడిక్ట్ గారి శాసనం వచ్చింది. ఆంగ్లికన్లు గుంపులుగా, తమ ఆరాధన పద్ధతితోనే వచ్చేందుకు ఆర్డినరియేట్లు అనే ఏర్పాటు. ఇంగ్లాండులో 2011 జనవరిలో మొదలైంది. ఆ ఏడాది ఈస్టర్ వేళకి చేరిన సామాన్య విశ్వాసులు సుమారు తొమ్మిది వందలమంది. వాళ్ళలో అధికులు ఈ కూటమివాళ్ళు కారు, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళు. అమెరికాలో 2012 జనవరిలో, ఆస్ట్రేలియాలో అదే ఏడాది జూన్‌లో మొదలయ్యాయి. హెప్‌వర్త్ గారి సొంత దేశమైన ఆస్ట్రేలియాలో చేరినవాళ్ళ లెక్క వందల్లోనే.

ఇది చూసి కొందరు, చూశారా, 4 లక్షలన్నారు, కొన్ని వేలు తేలారు, అంతా అబద్ధం అంటారు. నేను అలా అనను. అలా అనడం న్యాయం కాదు. ఎందుకు? ఆ కూటమిలో చాలామందికి రోముకి వెళ్ళడం ఇష్టమే లేదు. 2012లో జోహన్నెస్‌బర్గ్‌లో కూడిన బిషప్పులు మేం ఆంగ్లికన్లుగానే ఉంటామని తేల్చారు. హెప్‌వర్త్ గారిని అధినేత పదవి నుంచి తప్పించారు. కాబట్టి రోముకి వెళ్ళినవాళ్ళ సంఖ్యని కూటమి సంఖ్యగా తీసుకోకూడదు. అది ఒక నిర్ణయానికి కొలత, ఉనికికి కొలత కాదు. మరి 4 లక్షల సంఖ్య సంగతేమిటి? దానికి దేశంవారీ పట్టిక కావాలి. పాశ్చాత్య దేశాల్లో ఆ కూటమి పారిష్‌లు చిన్నవి. కాబట్టి లక్షలు ఉంటే ఆఫ్రికాలో, ఇండియాలో ఉండాలి. ఆ లక్షలు ఏ డయాసిస్‌లో, ఏ పల్లెల్లో, ఏ ఏడాది లెక్కపెట్టారు? ఈ ప్రశ్న పత్రికలు అప్పుడే అడగాల్సింది. సంఖ్య అచ్చయ్యాక ప్రశ్న అడిగితే పగ అనుకుంటారు. ముందే అడిగితే శ్రద్ధ అనుకుంటారు.

ఇక్కడ ఇండియా మాట వచ్చింది. జోహన్నెస్‌బర్గ్‌లో హెప్‌వర్త్ గారి స్థానంలో తాత్కాలిక అధినేతగా ఎవరిని పెట్టారో తెలుసా? మన దేశపు ఆంగ్లికన్ చర్చి ఆఫ్ ఇండియా మెట్రోపాలిటన్ శామ్యూల్ ప్రకాశ్ గారిని. 1970లో నాగపూరులో చర్చి ఆఫ్ నార్త్ ఇండియా (సి.ఎన్.ఐ.) అనే ఐక్య సంఘం ఏర్పడినప్పుడు కలవడానికి ఇష్టపడని ఆంగ్లికన్ల వారసులు వాళ్ళు. అలాంటివాళ్ళు ఒక్క వర్గం కాదు, పాత సంఘం మేమే అనే వర్గాలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆస్తుల కోసం కోర్టుల్లోనూ ఉన్నాయి. ఆస్తి వ్యాజ్యంలో సంఖ్య పెద్దగా చెప్పాలనే ఒత్తిడి ఎంతుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మన జనగణన మనకి సాయపడుతుందా? మతం అడుగుతారు, శాఖ ప్రకటించరు. సి.ఎస్.ఐ. (చర్చి ఆఫ్ సౌత్ ఇండియా అనే ఐక్య సంఘం), బాప్టిస్టు, లూథరన్, చీలిక ఆంగ్లికన్, అందరూ ఒకటే వరస. అంతేనా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే షెడ్యూల్డ్ కులాల హోదా పోతుంది. అందుకే జనగణనలో క్రైస్తవులమని చెప్పనివాళ్ళున్నారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే. ఏ దళితవాడలో ఎన్ని చర్చిలున్నాయో చూసినవాళ్ళు ఆ సంఖ్యని ఎలా నమ్ముతారు? అంటే మన దగ్గర ప్రభుత్వ లెక్క తక్కువ చూపుతుంది. సంఘం లెక్క ఎక్కువ చూపవచ్చు. నిజం మధ్యలో ఎక్కడో ఉందని అనుకుని సగం చేసి రాసేవాళ్ళున్నారు. దయచేసి అలా చేయకండి. రెండు తెలియని సంఖ్యల సగటు కూడా తెలియని సంఖ్యే.

మన నంద్యాల సంగతి ఎందుకు చెప్పడం లేదని పెద్దలు చూస్తున్నారు. చెప్తాను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడింది. దోర్నకల్ ఆంగ్లికన్లు కలిశారు. ఆ ఐక్యత కోసం జీవితమంతా పాటుపడిన దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు 1945 జనవరి 1నే కన్నుమూశారు, చూడలేదు. కానీ నంద్యాల ప్రాంతంలో పెద్ద సంఖ్యలో ఆంగ్లికన్లు కలవలేదు. పాత సంఘంలోనే ఉండిపోయారు. 1963లో వాళ్ళకి నంద్యాల డయాసిస్ వచ్చింది. 1975లో సి.ఎస్.ఐ.లో కలిశారు. అంటే ఇరవై ఎనిమిదేళ్ళు బయట ఉన్న సంఘం. అమెరికా వాళ్ళ కంటే ముందే, ప్రార్థన పుస్తకం కోసం, బిషప్పుల క్రమం కోసం నిలబడిన తెలుగు పల్లెల సంఘం! ఒకే ఊళ్ళో కలిసినవాళ్ళు, కలవనివాళ్ళు ఉంటే, వాళ్ళని ఎలా లెక్కపెట్టారు? భార్యాభర్తలు చెరో వైపు ఉంటే ఆ ఇంటిని ఏ జాబితాలో రాశారు? చరిత్ర పుస్తకాల్లో గుండుగుత్తగా ఇన్ని వేలు అని రాసుకుంటూ పోతాం. ఆ వేలల్లో మీ తాతలు, అవ్వలు ఉన్నారు. వాళ్ళ గురించి గుండుగుత్త సంఖ్య మనకి చాలా?

మరి ఏం చూడాలి? నేను ముందుగా అడిగేది చిరునామాలు. ఎన్ని ఆరాధన స్థలాలు, ఏ వీధిలో, ఎన్ని గంటలకి ఆరాధన. వెళ్ళి చూడగలిగేది అదొక్కటే. తర్వాత ఆరాధనల రిజిస్టరు. ఆంగ్లికన్ సంప్రదాయంలో ప్రతి ఆరాధన తర్వాత వచ్చినవాళ్ళు ఎంతమంది, సంస్కారం పుచ్చుకున్నవాళ్ళు ఎంతమంది, కానుక ఎంత అని రాసి సంతకం పెడతారు. ఒక ఈస్టర్ పేజీ, ఒక మామూలు జూలై ఆదివారం పేజీ, ఈ రెండూ చూపిస్తే చాలు. ఆ తర్వాత బాప్తిస్మాలు, సమాధులు. అయిదేళ్ళలో బాప్తిస్మాలు రెండు, సమాధులు ఇరవై అయితే సభ్యత్వం పెరిగిందనే మాట ఎలా నిలుస్తుంది? చివరగా గురువుల సంఖ్యని పారిష్‌ల సంఖ్య పక్కన పెట్టి చూడండి. పారిష్‌ల కంటే గురువులు ఎక్కువ ఉంటే తప్పని అనను, జీతం లేకుండా వేరే ఉద్యోగం చేసుకుంటూ సేవ చేసేవాళ్ళు ఈ సంఘాల్లో చాలామంది. కానీ గురువుల పట్టీ పొడవు చూసి సంఘం పెద్దదనుకోకూడదు.

లెక్క చెప్పడం చీలిక సంఘాలకి చేతకాదని కాదు. 2009లో ఏర్పడిన ఆంగ్లికన్ చర్చి ఇన్ నార్త్ అమెరికాని చూడండి. ఏటా సభ్యుల సంఖ్య, హాజరు, పారిష్‌ల సంఖ్య ప్రకటిస్తారు. 2023లో సభ్యులు సుమారు 1,28,000, ఆదివారం హాజరు సుమారు 85,000. తగ్గిన ఏడాది తగ్గిందనే చెప్పారు. అది పెద్దది, కార్యాలయం ఉంది, మనుషులున్నారు, చేయగలిగారు అంటారా? పదిహేనుమంది ఉన్న పారిష్‌కి లెక్క ఇంకా సులువు కదా? తలుపు దగ్గర నిలబడి చెప్పవచ్చు. మరి ఎందుకు చెప్పరు? భయం. చిన్నవాళ్ళమని తెలిస్తే మా విశ్వాసం కూడా చిన్నదంటారని భయం. ఆ భయం మనలాంటివాళ్ళం పెట్టిందే. సంఖ్య చూసి మర్యాద ఇచ్చేది మనమే. ఒక సంఘం మేం మొత్తం రెండు వందలమందిమి, ఇవిగో రిజిస్టర్లు అంటే, ఆ సంఘాన్ని నేను లక్షలు చెప్పే సంఘం కంటే ముందు వరసలో కూర్చోబెడతాను. మీరూ కూర్చోబెట్టాలి. ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

టైం అయిందని అక్కడి నుంచి సైగ చేస్తున్నారు. ఒక్క మాట చెప్పి ప్రశ్నలకి వస్తాను. నంద్యాల వైపు నుంచి వచ్చినవాళ్ళకి నా మనవి. 1947 నుంచి 1975 దాకా నడిచిన ఆ సంఘాల ఆరాధన రిజిస్టర్లు, బాప్తిస్మ రిజిస్టర్లు, చందా పుస్తకాలు కొన్ని ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లో ఉండిపోయి ఉంటాయి. చెదలు పట్టినా ఫర్వాలేదు, సగం చిరిగినా ఫర్వాలేదు. అమ్మమని అడగను, తీసుకుపోను. మీ ఇంటికే వచ్చి, మీ ఎదుటే ఫోటోలు తీసుకుని, పుస్తకం మీ చేతికే ఇస్తాను. సభ అయ్యాక నన్ను కలిసి ఊరి పేరు చెప్పండి. ఇప్పుడు ప్రశ్నలు. ముందు ఆ వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మగారు.